వెన్ను ఊడిన పాత పుస్తకం: బొమ్మలు విడదీసి పటాలు కట్టించుకుంటే తప్పా?

పాత అట్ట

సూటిగా చెప్తాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టవచ్చు. జె.ఎం. బ్యారీ రాసిన ‘పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్’ 1906 నాటి ప్రతి ఒకటి ఈ మధ్య నా చేతికి వచ్చింది. ఆర్థర్ రాకమ్ బొమ్మలు వేసిన, హాడర్ అండ్ స్టౌటన్ వాళ్ల ముద్రణ. గంతులు వేయడానికి మాత్రం ఏమీ లేదు. వెన్ను మొత్తం ఊడింది, పై అట్ట లేదు, కుట్టుదారం తెగి పేజీలు కట్టలు కట్టలుగా వచ్చేస్తున్నాయి. ఉండవలసిన రంగుల బొమ్మలు 50. మూడుసార్లు లెక్కపెట్టాను, 43 ఉన్నాయి. మిగతా ఏడు ఉండవలసిన చోట గోధుమరంగు మందపు కాగితం మీద జిగురు చార తప్ప ఏమీ లేదు.

ఉన్నవాటిలో ఓ పది మాత్రం నిన్న అచ్చయినట్టున్నాయి. వాటిని విడదీసి పటాలు కట్టించి గోడకు తగిలించుకోవాలని ఉంది. పెట్టెలో పెట్టి దాచితే నేను బతికుండగా నాలుగుసార్లు తెరుస్తానేమో. గోడమీద ఉంటే రోజూ కళ్లపడతాయి. ఇది పుస్తకాన్ని చంపడం అంటారా, ఎలాగూ పోయిన పుస్తకంలోంచి బతికున్నది తీసి దాచుకోవడం అంటారా?

నిదానం

చంపడమే అంటాను. పోయిందని మీరు అనుకుంటున్నారు గానీ, 43 బొమ్మలూ పాఠమూ చేతిలో ఉన్న పుస్తకం పోలేదు, జబ్బుపడింది.

బొమ్మను పుస్తకంలోంచి తీస్తే ఏం పోతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. లూయిస్ క్యారల్ రాసిన ఆలిస్ కథల్లో రెండోది ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’, దాని తొలి ముద్రణ (లోపల 1872 అని ఉంటుంది గానీ 1871 డిసెంబరులోనే వచ్చింది) ఎక్కడైనా దొరికితే, ఆలిస్ అద్దంలోకి వెళ్లే చోటు తెరవండి. ఆకుకు ఒక వైపు ఆలిస్ మనకు వీపు చూపిస్తూ అద్దంలోకి దూరుతూ ఉంటుంది. ఆకు తిప్పారా, అదే ఆలిస్ అద్దం అవతలి నుంచి మన వైపు బయటికి వస్తూ ఉంటుంది. అంటే ఆ ఆకే అద్దం. జాన్ టెనియెల్ ఆ రెండు బొమ్మలనూ వీపూ వీపూ ఆనించినట్టు కూర్చోబెట్టాడు. ఇప్పుడు చెప్పండి, ఆ ఆకు కోసి పటం కట్టిస్తే ఏ వైపును గోడకు తిప్పుతారు?

పటాల పిచ్చి

నిదానం గారూ, ఉదాహరణ అద్భుతంగా ఉంది. కాకపోతే అది వేరే పుస్తకం.

టెనియెల్ బొమ్మలు కొయ్య దిమ్మె మీద చెక్కినవి. అక్షరాలతో పాటే, అదే పేజీలో అచ్చయినవి. వాటిని కోయడం అంటే పాఠాన్ని కోయడమే, నేనూ ఒప్పుకోను. పాత అట్ట గారి చేతిలో ఉన్న పుస్తకం సంగతి అది కాదు. రాకమ్ బొమ్మలు మూడు రంగుల పద్ధతిలో విడిగా, మెరుపు పూత ఉన్న వేరే కాగితం మీద అచ్చయ్యాయి. తర్వాత ఒక్క అంచున జిగురు రాసి మందపు కాగితానికి తగిలించారు. అందులోనూ 1906 ప్రతిలో శీర్షిక పేజీకి ఎదురుగా ఉండే ముఖచిత్రం ఒక్కటి ముందుంది, మిగతా 49 బొమ్మలూ పుస్తకం చివర ఒకే గుంపుగా ఉన్నాయి. కథ ఒకచోట, బొమ్మ మరోచోట. కథనూ బొమ్మనూ విడదీసినవాడు ప్రచురణకర్తే, మనం కాదు.

ఇంకో మాట. రాకమ్ అసలు చిత్రాలను లండన్‌లో లెస్టర్ గ్యాలరీస్‌లో ప్రదర్శనకు పెట్టి అమ్మారు. అవి మొదటి రోజు నుంచీ గోడకు ఎక్కినవే. ఆ రోజుల్లో గోడ మీదిది కొనగలిగినవాడు అసలు చిత్రం కొనుక్కున్నాడు, కొనలేనివాడు పుస్తకం కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ పుస్తకంలోని బొమ్మ గోడకెక్కితే ఆకాశం విరిగిపడదు.

గుడ్లగూబ

పిల్లల కోసం వేసిన పుస్తకాలను పిల్లలకు అందని ఎత్తులో పెట్టి, వాటి పవిత్రత గురించి పెద్దవాళ్లం కొట్టుకుంటున్నాం. లూయిస్ క్యారల్ తొలి ఆలిస్‌కు ఎర్ర అట్ట ఎందుకు కోరుకున్నాడో తెలుసు కదా? పిల్లల కళ్లకు బాగుంటుందని. గాజు బీరువాలో బాగుంటుందని కాదు. ఇంతకు మించి నాకు చెప్పడానికి లేదు, కానివ్వండి.

వెన్నుపూస

పాత పుస్తకాలు బాగుచేయడం నా పని. న్యాయం ఎవరిదో మీరు తేల్చుకోండి, కాగితం ఏమంటుందో నేను చెప్తాను.

ముందు వెలుగు. మ్యూజియంలలో కాగితం మీది రంగుబొమ్మలకు వెలుగును దాదాపు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించనివ్వరు. దాన్నయినా కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకటి గదిలోకి పంపుతారు. కిటికీ ఉన్న మామూలు గదిలో పగటిపూట అది వందల్లో ఉంటుంది. మీ పది బొమ్మలు నిన్న అచ్చయినట్టు ఎందుకున్నాయి? ఇంతకాలం మూసిన పుస్తకంలో, చీకట్లో ఉన్నాయి కాబట్టి. గోడకెక్కిన రోజు నుంచి ఆ రంగు కరగడం మొదలవుతుంది. ముందు ఏది పోయిందో కూడా తెలియదు, ఒకనాడు చూస్తే బొమ్మ మొత్తం కాస్త నీలంగానో, కాస్త మట్టిగానో కనిపిస్తుంది. పోయిన రంగును తిరిగి తెచ్చే మందు లేదు.

తర్వాత తేమ. ఆ మెరుపు కాగితం పైన ఉన్నది సన్నటి తెల్లమన్ను పూత. తడి తగిలితే అది జిగురవుతుంది. అద్దానికి బొమ్మ నేరుగా ఆనితే, వానాకాలంలో చెమ్మకు అద్దానికే పట్టుకుంటుంది. ఊడదీస్తే బొమ్మలో సగం అద్దంతో వస్తుంది. ఒకసారి నా దగ్గరికి పుస్తకం బదులు ఇటుక తెచ్చారు. నీళ్లలో తడిసి ఆరిన బొమ్మల పుస్తకం అది. దాన్ని ఒక్క ఆకు కూడా తెరవలేకపోయాను.

మీ ప్రతి విషయంలో మంచి కబురు కూడా ఉంది. దారంతో కుట్టిన పుస్తకం దారం తెగితే మళ్లీ కుట్టవచ్చు. 1836లో విలియం హాన్‌కాక్ పేటెంటు తీసుకున్న రబ్బరు జిగురు బైండింగు అయితే చేయగలిగింది చాలా తక్కువ. ఆ జిగురు ఎండి పొడి అవుతుంది, ఆకులన్నీ పేకముక్కల్లా రాలతాయి. మీది ఆ బాపతు కాదు. చిరిగిన మడతలకు జపాను కాగితం (పలచగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం), గోధుమ పిండి జిగురు చాలు. రేపు ఇంకెవరికైనా నా పని నచ్చకపోతే కాస్త తడిచేసి తీసేయవచ్చు. పారదర్శకమైన టేపు మాత్రం అంటించకండి, మీకు దండం పెడతాను.

చెదపురుగు

నా పేరు చూసి భయపడకండి, నేను పుస్తకాల పక్షమే.

పాత అట్ట గారిది నిజాయితీ ఉన్న ప్రశ్న. ఆ నిజాయితీ వెనక ఒక లెక్క నడుస్తోంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. బొమ్మలు విడివిడిగా అమ్మితే వచ్చే మొత్తం, పుస్తకంగా అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువగా ఉన్నంతకాలం కత్తి ఆగదు. మొదట వెన్ను ఊడినవాటిని కోస్తారు. తర్వాత వెన్ను కాస్త వదులైనవాటిని. ఆ తర్వాత మరక ఉన్నవాటిని. కే నీల్సన్ బొమ్మలు వేసిన 1914 నాటి ‘ఈస్ట్ ఆఫ్ ది సన్ అండ్ వెస్ట్ ఆఫ్ ది మూన్’ లో 25 రంగుల బొమ్మలు ఉంటాయి, అంటే ఒక్క పుస్తకం కోస్తే 25 అమ్మకాలు. విడి బొమ్మలు కొనేవాళ్లందరూ ‘నాది ముందే పాడైపోయిన ప్రతిలోనిదిలే’ అనుకుంటారు. అన్ని ప్రతులూ పాడైపోయినవేనా మరి?

పటాల పిచ్చి

మీ లెక్క అమ్మేవాడికి వర్తిస్తుంది. ఈయన అమ్మడం లేదు, తన ఇంట్లో పెట్టుకుంటున్నారు.

చెదపురుగు

ఇవాళ ఈయన ఇల్లు. ఆ తర్వాత ఈయన సామాను. ఆ తర్వాత ఎవరో పది పటాలు, ఒక ఖాళీ పుస్తకం కొంటారు. అప్పుడు ఏది దేనిదో చెప్పేవాళ్లు ఉండరు.

పాత అట్ట

వెన్నుపూస గారి మాట విన్నాక పది పటాల ఉత్సాహం సగం తగ్గింది. కాబట్టి ఇంకో దారి అడుగుతున్నాను. ఇదే పుస్తకం ఇంకో ప్రతి ఎక్కడో రెండు మూడు బొమ్మలు తక్కువై ఉంటుంది. నా ప్రతిలోంచి తీసి దానికి పెడితే, రెండు కుంటి పుస్తకాల బదులు ఒక నిండు పుస్తకం మిగులుతుంది. ఇది పుణ్యమేనా?

నిదానం

నాకు ఇది పటాలకంటే ఎక్కువ భయం. నాలుగేళ్ల కిందట ‘అన్ని బొమ్మలూ ఉన్నాయి’ అన్న మాట నమ్మి నేనొక పాత బొమ్మల పుస్తకం కొన్నాను. లెక్క సరిపోయింది, సంతోషించాను. ఒక సాయంత్రం తీరిగ్గా తిప్పుతుంటే, ఒక పేజీ కింది మూలలో తేమ మరక, చింతగింజ ఆకారంలో. తర్వాతి ఆకు బొమ్మ. దాని మూల తెల్లగా ఉంది. ఆ తర్వాతి పేజీలో మళ్లీ అదే చింతగింజ, కాస్త చిన్నగా. మరక బొమ్మ మీద నుంచి దూకి వెళ్లదు కదా. పైగా ఎదుటి పేజీ మీద పాత బొమ్మ వదిలిన గోధుమరంగు నీడ ఉంది, అది ఈ బొమ్మకంటే అరవేలు వెడల్పు. వేరే పుస్తకంలోంచి తెచ్చి అతికించారు. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పలేదు, అన్ని బొమ్మలూ ఉన్నాయి. ఆ పుస్తకాన్ని చూస్తే ఇప్పటికీ నాకు పరాయి పన్ను పెట్టుకుని నవ్వుతున్నట్టే ఉంటుంది.

పటాల పిచ్చి

పరాయి పన్ను పోలిక బాగుంది. అయితే మనందరం గుడిలో పెట్టి పూజించే పుస్తకం సంగతేమిటి?

1865 నాటి తొలి ఆలిస్ పుస్తకానికి ఏం జరిగిందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రచురణకర్తలు మాక్మిలన్ వాళ్ల కోసం 2000 ప్రతులు అచ్చయ్యాయి. అచ్చు నాణ్యత, ముఖ్యంగా తన బొమ్మల అచ్చు, నచ్చలేదని టెనియెల్ అడ్డం తిరిగాడు. క్యారల్ ఆ ముద్రణను వెనక్కి తీసుకుని వేరే ముద్రాపకుడి దగ్గర మళ్లీ అచ్చు వేయించాడు. అమ్మకుండా మిగిలిన పాత పేజీలను పారేశారా? లేదు. న్యూయార్క్‌లోని ఆపిల్టన్ కంపెనీకి అమ్మేశారు. వాళ్లు 1866 తేదీతో కొత్త శీర్షిక పేజీ అతికించి అమ్మారు. అంటే ఒకచోట అచ్చయిన పేజీలకు మరోచోటి మొదటి ఆకు. పరాయి పన్నే కదా! ఇవాళ దాన్ని అపురూపం అంటున్నాం. ఇక 1865 తేదీతో మిగిలినవి రెండు డజన్లకు లోపే. చిత్రకారుడు ‘నా బొమ్మలు పాడయ్యాయి’ అని తిప్పికొట్టిన ముద్రణ కోసం, ఆ బొమ్మలంటే ప్రాణం అనే సేకరణకర్తలు పోటీలు పడుతున్నారు. పుస్తకం స్వచ్ఛత అనేది మనం తర్వాత కూర్చుని అల్లిన కథ.

నిదానం

తేడా ఉంది. ఆపిల్టన్ అతికించిన ఆకు మీద ఆపిల్టన్ పేరు, 1866 అన్న తేదీ ఉన్నాయి. అది బాహాటంగా చేసిన పని, ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. నా పుస్తకంలో బొమ్మ అతికించినవాడు చెప్పకుండా చేశాడు. పాత అట్ట గారు మరో ప్రతికి బొమ్మలు ఇస్తే, ఏ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఇమ్మనండి. అప్పుడు నాకు అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం ఉంటుంది.

వెన్నుపూస

పెన్సిల్‌తోనే. సిరా వద్దు.

పాత అట్ట

రెండు రోజులు రాయలేదు, క్షమించండి. భూతద్దం పెట్టుకుని 43 బొమ్మలూ మొదటి నుంచి చూశాను. రంగు చుక్కలు చూద్దామని మొదలుపెట్టాను. రాకమ్ ముదురు కొమ్మలు దగ్గరగా చూస్తే ఎరుపు, పసుపు, నీలం చుక్కల దుమ్ములా ఉన్నాయి, దూరం జరిపితే మళ్లీ చెట్టవుతున్నాయి. ఈ ఆటలో ఒక గంట పోయింది.

అసలు సంగతి వేరే. ప్రతి బొమ్మ మీదా పేరు అచ్చువేసిన పలుచని కాగితం ఒకటి కప్పి ఉంటుంది కదా. నేను వాటిని పట్టించుకోలేదు, పటం కట్టించేటప్పుడు ఎలాగూ తీసేస్తారని. ఒకదాని మీద, బొమ్మ వైపు కాకుండా పై వైపు, పెన్సిల్ గీతలు కనిపించాయి. ఎవరో పిల్లో పిల్లాడో కింది బొమ్మను ఆ పలుచని కాగితం మీదుగా దిద్దారు. చెట్టు వేర్లు బాగానే వచ్చాయి. ఒక దేవకన్య ముఖం దగ్గర చేయి వణికింది, మూడుసార్లు చెరిపి మళ్లీ గీశారు, అక్కడ కాగితం నూగు లేచింది. రెండో రెక్క గీయలేదు. భోజనానికి పిలిచారేమో.

ఆ కాగితం కింది బొమ్మ నా పది బొమ్మల పట్టికలో మొదటిది.

43లో మూడు బొమ్మలు జిగురు వదిలి ముందే ఊడి ఉన్నాయి, వాటి మీది పలుచని కాగితాలు ఎప్పుడో పోయాయి. ఆ మూడింటికి మాత్రం అద్దానికి తగలకుండా అంచుపట్టీ వేయించి పటం కట్టిస్తాను. కిటికీ లేని నడవలో, ఒక్కోటి మూడు నెలలు. మిగతా 40 పుస్తకంలోనే ఉంటాయి, పుస్తకాన్ని వెన్నుపూస గారు చెప్పినట్టు కుట్టిస్తాను. ఎవరికీ బొమ్మలు దానం చేయడం లేదు.

పటాల పిచ్చి

మూడైనా సరే, గోడ గెలిచింది.

నిదానం

మూడు నెలలన్నవి మూడేళ్లవుతాయి, చూస్తూ ఉండండి. తేదీ పటం వెనక రాసిపెట్టుకోండి.

గుడ్లగూబ

దిద్దిన ఆ కాగితం ఫొటో పెట్టండి. మిగతా వాదన అంతా మీరే ఉంచుకోండి.

వెన్నుపూస

పాత అట్ట గారూ, ఫొటో కోసం ఆ పలుచని కాగితాన్ని ఇస్త్రీ పెట్టి చదును చేయాలనిపిస్తుంది. చేయకండి. రబ్బరుతో తుడవకండి. నూగు లేచిన చోట వేలు పెట్టకండి. పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి తీస్తే గీతలు వాటంతటవే కనిపిస్తాయి.