సంగదాసు, రామానాయుడు ప్రేమికులైతే అది మాలపల్లేనా?

తుంగభద్ర (జయనగర్, బెంగళూరు):
మన తెలుగు పాఠకుల బృందంలో ఎంతకీ తేలని ప్రశ్న ఇక్కడ పెడుతున్నా. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని (1922) పదహారు దాటిన పిల్లల కోసం క్వీర్ నవలగా, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వాళ్ల కథగా తిరిగి చెప్పాలని కొందరి ఆలోచన. మూలంలో సంగదాసు, భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడు ప్రాణస్నేహితులు. కొత్త కథలో ప్రేమికులు. అమెరికాలో ఇలాంటివి వరసగా వస్తున్నాయి. 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవల మీద హక్కులు అక్కడ 2021 జనవరి 1న తీరాయి, 2022లో దాన్ని తిరిగి చెప్పిన 'సెల్ఫ్-మేడ్ బాయ్స్' వచ్చేసింది. అందులో కథ చెప్పే నిక్ ట్రాన్స్ అబ్బాయి. మనం రాయొచ్చా, కూడదా?

చదువరి:
అమెరికా లెక్క ఇక్కడ చెల్లదు. ఆ కాలపు పుస్తకాలకు వాళ్లు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్కేస్తారు. మనకు రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. ముందు అది చూసుకోండి.

తుంగభద్ర:
చూశానండీ. ఉన్నవ పోయింది 1958లో. 2019 నుంచి ఎవరినీ అడగక్కర్లేదు. బుచ్చిబాబు పోయింది 1967లో, ఆయన నవలకు 2028 దాకా ఆగాలి. చలానికి 2040.

చదువరి:
మూలానికే ఆ స్వేచ్ఛ. ఇప్పటి ముద్రణల్లో పీఠికలకు, వివరణలకు హక్కులు వేరే ఉంటాయి. వాక్యాలు తీసుకుంటే పాత ప్రతి ముందు పెట్టుకుని తీసుకోండి.

కోరమంగళ కుర్రాడు:
హక్కుల గొడవ చాలు. కన్యాశుల్కం తీసుకోండి, అన్నీ అందులోనే ఉన్నాయి. మహేశానికి ఆడవేషం, మధురవాణికి మగవేషం.

పల్నాటి పిల్ల:
అది నాటకం కదా, నవల కాదు.

చదువరి:
నాటకమైతే ఏం గానీ, ఆ వేషాలు ఎందుకేశారో చూడండి. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశాన్ని ఆడపిల్లగా చూపించి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టింది సుబ్బిని ఆ పెళ్లి నుంచి తప్పించడానికి. వాడు చిన్నపిల్లాడు. ముసలాడితో ఆ పెళ్లిలో ప్రేమ వెతికితే యంగ్ అడల్ట్ (కుర్రవయసు పాఠకుల) పుస్తకాల సంపాదకులు ముట్టుకోరు, ముట్టుకోకూడదు కూడా. మధురవాణి మగబట్టలు కట్టింది వేశ్యలంటే దూరం జరిగే సౌజన్యారావు ఇంట్లో అడుగుపెట్టడానికి.

కోరమంగళ కుర్రాడు:
కారణం అదే, ఒప్పుకుంటా. కానీ ఆ బట్టల్లో తనకి ఏమనిపించిందో గురజాడ చెప్పలేదు. తిరిగి రాసేవాళ్లకి కావలసింది అలాంటి ఖాళీయే. మధురవాణి 'నేను' అని చెప్పుకుంటే తెలుగు క్రియలు ఆడా మగా చెప్పవు. 'వచ్చాను' అంటే ఎవరైనా కావచ్చు. 'వచ్చింది' అన్నారో, అక్కడితో అయిపోయింది.

చదువరి:
ఈ మాట బాగుంది. మాలపల్లిలో మాత్రం ఆ ఖాళీ లేదు. అక్కడున్నది స్నేహం. ఇద్దరు మగవాళ్లు దగ్గరగా ఉంటే చాలు, ప్రేమ అని ముద్ర వేస్తారేం?

తుంగభద్ర:
మగా ఆడా దగ్గరగా ఉంటే ముద్ర వెయ్యడానికి మీకు అభ్యంతరం లేదు కదా! సూటిగా అనండి, మగపిల్లలు ప్రేమించుకోవడం మీకు మింగుడుపడట్లేదు.

కోరమంగళ కుర్రాడు:
అంతే. ఇలాంటి కథ పంపితే సంపాదకులూ 'మన సంస్కృతి కాదు' అనే తిప్పి పంపుతారు.

చదువరి:
తుంగభద్ర గారూ, నా నోట్లో మాటలు పెట్టకండి. సంగదాసు మాల. చౌదరయ్య కొట్టిన దెబ్బకు చచ్చిపోయాడు. మీ కథలో ఆ చౌదరయ్య ప్రియుడి తండ్రి. చదివే పిల్లలు ఏమనుకుంటారు? కొడుకు ప్రేమ తెలిసి తండ్రి కోపంతో కొట్టాడనుకుంటారు. కులం పోయింది, కూలి పోయింది. ఒక బ్రాహ్మణ రచయిత రాసిన నవలలో మాకు దక్కింది ఆ చావు వెనకున్న కారణం ఒక్కటే. అదీ లాక్కుంటారా?

పల్నాటి పిల్ల:
ఈ మాట మొదటే చెప్పుండాల్సింది అన్నా.

తుంగభద్ర:
చదువరి గారూ, ఆ కారణాన్ని కదపకుండా రాయొచ్చు. చౌదరయ్యకి వాళ్ల ప్రేమ చివరిదాకా తెలియకూడదు. దెబ్బ కూలి తగాదాలోనే పడాలి. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 అప్పటికే ఉంది, 1860 శిక్షాస్మృతిది. పట్టుబడితే రామానాయుడికి భూమి ఉంది, ప్లీడరు దొరుకుతాడు. సంగదాసుకి ఏమీ లేదు. ఆ భయం ఇద్దరిలో ఒకేలా ఉండదని ప్రతి సన్నివేశంలో కనిపించాలి. 'ఐడెంటిటీ' లాంటి ఇవాళ్టి మాటలు వాళ్ల నోట రాకూడదు. ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా చెడేది అక్కడే.

చదువరి:
కథ ఎవరు చెబుతారు? రామానాయుడు చెబితే అది భూస్వామి కొడుకు ఏడుపు అవుతుంది. సంగదాసు మధ్యలోనే పోతాడు.

తుంగభద్ర:
జ్యోతి. సంగదాసు చెల్లెలు.

కోరమంగళ కుర్రాడు:
అసలు సంగదాసు ఎందుకు చావాలి? క్వీర్ కథ అంటే ఒకడు చచ్చి తీరాలా? పదహారేళ్ల పిల్లలకి మళ్లీ అదే ఇస్తారా? బతికించండి.

చదువరి:
బతికిస్తే చౌదరయ్య హంతకుడు కాకుండా పోతాడు. నేను ఒప్పుకోను.

కోరమంగళ కుర్రాడు:
చంపితే నేను చదవను.

తుంగభద్ర:
మీ ఇద్దరి మాటా కాదనలేను, రెంటినీ ఒకే పుస్తకంలో ఇమడ్చలేను. జ్యోతి గొంతుతో మొదటి అధ్యాయం, దెబ్బ తగిలే సన్నివేశం రాసి పెడతా.

చదువరి:
దెబ్బ సన్నివేశం ముందు పెట్టండి. మిగతాది ఆ తర్వాత చదువుతా.