లింకు వేగాన్ని ‘కుదుర్చుకోవడమా’, ‘నిర్దేశించడమా’?

ప్రశ్న: ఫైబర్ నెట్‌వర్క్ కార్డుల అమరికను తెలుగులో వివరించేటప్పుడు ‘ఆటోనెగోషియేషన్’ను ‘స్వయం సంప్రదింపు’ అనవచ్చునా?

సమాధానం: అనవచ్చు గాని, సంప్రదింపులు జరిగినంత మాత్రాన అంగీకారం కుదిరినట్లు కాదు, అవి విఫలమయ్యాయన్న వార్తలు తరచూ చదువుతూనే ఉంటాం. ఇక్కడ చెప్పవలసినది, రెండు చివరల ఉన్న పరికరాలు తమకు సాధ్యమైన వేగాలను ఒకదానికొకటి తెలుపుకొని, రెంటికీ సాధ్యమైన వాటిలో అత్యధిక వేగాన్ని ఖాయం చేసుకోవడం. దానికి ‘కుదుర్చుకొను’ అన్న క్రియ మనకు సిద్ధంగానే ఉంది. ‘ధర కుదిర్చారు’ అంటే మధ్యవర్తి పని, ‘ధర కుదుర్చుకున్నారు’ అంటే ఆ ఇరుపక్షాల పని. ఈ తేడా అంతా ‘కొను’ అన్న అనుప్రయోగంలోనే ఉంది.

అయితే ఈ మాటను ఫైబర్ లింకులన్నిటికీ వాడితే చదివేవారు పొరబడతారు. రాగి తీగల మీద నడిచే 1000బేస్-టీ (గిగాబిట్ ఈథర్‌నెట్) లింకులో పోర్టులు వేగాన్ని నిజంగానే కుదుర్చుకుంటాయి. ఫైబర్ మీద నడిచే 1000బేస్-ఎస్‌ఎక్స్, ఎల్‌ఎక్స్ లింకుల్లోనూ ఆటోనెగోషియేషన్ ఉంది గాని, ఆ సందేశాలు సాగేదే గిగాబిట్ వేగంతో కాబట్టి, అవి డూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశలా పంపవచ్చునా), పాజ్ (రద్దీలో పంపడం కాసేపు ఆపమనడం) వంటి విషయాలను తేల్చుకుంటాయే తప్ప వేగాన్ని కాదు. ఒక చివర ఆటోనెగోషియేషన్‌ను ఆపి, మరో చివర ఉంచితే ఆపిన పోర్టు లింకు ఉన్నట్లు, రెండవది లేనట్లు చూపడం కద్దు. 10 గిగాబిట్ల ఫైబర్ ఈథర్‌నెట్ రకాలైన 10జీబేస్-ఎస్‌ఆర్, ఎల్‌ఆర్ లింకుల్లో ఆ ఏర్పాటే లేదు. అందుకే 1, 10 గిగాబిట్లు రెండింటికీ పనికివచ్చే మాడ్యూల్‌ను (పోర్టులో అమర్చే, కాంతి సంకేతాలను పంపి అందుకునే భాగాన్ని) వాడినప్పుడు, ఏ వేగం కావాలో రెండు చివరలా మనిషే చెప్పవలసి రావచ్చు. అక్కడ రాయవలసిన మాట ‘నిర్దేశించండి’.

అభ్యంతరం: మా స్టోరేజ్ నెట్‌వర్క్‌లోని కార్డులు ఫైబర్ మీదనే వేగాన్ని తమంతట తాము సరిచేసుకుంటున్నాయి కదా?

సమాధానం: మీరు చెప్పినది నిజమే. అది ఈథర్‌నెట్ కాదు, స్టోరేజ్ పరికరాలను కలపడానికి వాడే వేరే పద్ధతి, ఫైబర్ ఛానల్. సాధారణంగా 16 గిగాబిట్ల మాడ్యూల్ 16, 8, 4 వేగాలలోనూ, 32 గిగాబిట్లది 32, 16, 8 వేగాలలోనూ పనిచేస్తుంది. ఈ రెండు మాడ్యూళ్లు ఎదురైతే ఆటో అమరికలో పోర్టులు 16 దగ్గర కుదుర్చుకుంటాయి. 4 గిగాబిట్లు మాత్రమే తెలిసిన పాత పరికరం 32 గిగాబిట్ల మాడ్యూల్‌కు ఎదురైతే కుదిరే వేగమే ఉండదు. ఇక్కడ ‘కుదుర్చుకొను’ అక్షరాలా తగిన మాట, ‘కుదరలేదు’ అన్నదీ అంతే సహజం.

కాబట్టి ‘ఆటోనెగోషియేషన్’కు ఒకే తెలుగు మాటను పట్టికలో పెట్టి అంతటా అతికించడాన్ని నేను సమర్థించను. రాగి ఈథర్‌నెట్‌కూ ఫైబర్ ఛానల్‌కూ ‘పోర్టులు వేగాన్ని తామే కుదుర్చుకుంటాయి’ అనీ, 10 గిగాబిట్ల ఫైబర్ ఈథర్‌నెట్‌కు ‘కార్డులోనూ అవతలి స్విచ్ పోర్టులోనూ ఒకే వేగాన్ని నిర్దేశించండి’ అనీ రాస్తే, తీగ చేతబట్టుకొని రాక్ ముందు నిలుచున్నవారికి ఏం చేయాలో వాక్యమే చెబుతుంది.