హైదరాబాద్–సింగపూర్: దూరం 3,300 కి.మీ., మరి టికెట్‌లో ఏడు గంటలెందుకు?

మెల్‌బోర్న్_దారి: శంషాబాద్ నుంచి సింగపూర్ విమానాశ్రయం చాంగీకి దూరం 3,300 కి.మీ., గాల్లో సుమారు 4 గంటలు అని ఒక సైట్ చూపిస్తోంది. టికెట్‌లో మాత్రం రాత్రి 11:10కి బయలుదేరి ఉదయం 6:10కి దిగుతుందని ఉంది. ఏది నమ్మాలి? అమ్మానాన్నలకు అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు విడిగా టికెట్ తీద్దామనుకుంటున్నాను. మధ్యలో ఎంత టైమ్ ఉంచాలి?

ఆకాశదారి: రెండూ నిజమేనండీ. టికెట్‌లో ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. సింగపూర్ మనకంటే 2:30 గంటలు ముందు. ఏడులోంచి అది తీసేస్తే 4:30. తిరుగు ప్రయాణంలో కలపాలి: రాత్రి 8:00కి ఎక్కి 9:55కి దిగితే అది రెండు గంటల ప్రయాణం కాదు, 4:25.

(సూర్యుడి లెక్కన తేడా 1:42 గంటలే. సింగపూర్ 1982 నుంచి తన రేఖాంశానికి తగినదానికంటే గంట ముందున్న టైమ్ వాడుతోంది. అందుకే అక్కడ ఏడింటికి గానీ తెల్లవారదు.)

ఇక ఆ 4 గంటలకూ 4:30కీ తేడా ఎక్కడిదంటే, టికెట్ లెక్క విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేవరకు. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లడం, దిగేముందు వరుసలో ఆగడం అన్నీ అందులోనే. ఏ రూటుకైనా ఉజ్జాయింపుగా దూరాన్ని 840తో (విమానం గంటకు పోయే కి.మీ.) భాగించి అరగంట కలపండి. ఇక్కడ 3:56 + 0:30, అంటే దాదాపు 4:25.

గాలివాటం: సైట్లు చూపేది భూగోళం మీద అతి దగ్గరి దారి. గీత గీస్తే అది కృష్ణా డెల్టా దగ్గర తీరం దాటి, నికోబార్ మీదుగా పోతుంది. విమానం కచ్చితంగా ఆ గీత మీదే పోదు. బంగాళాఖాతంలో ఉరుముల మేఘాలుంటే చుట్టు తిరగాలి. 100 కి.మీ. చుట్టుకు 7 నిమిషాలు.

అసలు తేడా గాలిది. చలికాలంలో మన వైపు ఎత్తులో పడమటి గాలి. సగటున గంటకు 40 కి.మీ. సాయం ఉంటే పోయేటప్పుడు 3:45, వచ్చేటప్పుడు 4:08 (గాల్లో వేగం 840 అనుకుంటే). జూన్–సెప్టెంబరులో దక్షిణ భారతం పైన ఎత్తులో తూర్పు నుంచి గాలి వీస్తుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. షెడ్యూలులో కొంత వెసులుబాటు ముందే వేసి ఉంచుతారు, ఆలస్యంగా ఎగిరినా ఒక్కోసారి టైమ్‌కే దిగేది అందుకే.

ట్రాన్సిట్_మిత్ర: టైమ్ కన్నా విడి టికెట్లే పెద్ద తలనొప్పి. ఒకే టికెట్ అయితే సామాను నేరుగా మెల్‌బోర్న్‌కు పోతుంది, మొదటి విమానం ఆలస్యమైనా తరువాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడిగా తీస్తే ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే సింగపూర్ లోపలికి అడుగుపెట్టినట్టే, వీసా అడుగుతారు. చెల్లుబాటయ్యే ఆస్ట్రేలియా వీసా ఉన్న భారతీయులకు 96 గంటల వీసారహిత ట్రాన్సిట్ (వేరే దేశానికి పోతూ మధ్యలో ఆగడం) ఉంది కానీ దానికి షరతులున్నాయి, ఇమిగ్రేషన్ అధికారిదే తుదిమాట. సింగపూర్ లోపలికి వెళ్లేవాళ్లు తమ వివరాలిచ్చే అరైవల్ కార్డు దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఉచితం. డబ్బులడిగే సైట్లకు పోకండి.

విడి టికెట్లే అయితే కనీసం 5 గంటలు ఉంచండి. ఒకే టికెట్‌కు 2 గంటలు హాయిగా సరిపోతాయి. రెండో విమానం టెర్మినల్ 4 నుంచైతే ఇంకాస్త కలపండి. 1, 2, 3 మధ్య స్కైట్రైన్ ఉంది, 4కు మాత్రం బస్సే.

మెల్‌బోర్న్_దారి: అయితే ఒకే టికెట్ తీస్తాను. పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ ఎప్పుడు అడగాలి?

ట్రాన్సిట్_మిత్ర: బుకింగ్‌లోనే పెట్టించండి, కనీసం 48 గంటల ముందు. రెండు ఫ్లైట్లకూ నమోదైందో లేదో విడివిడిగా చూసుకోండి.