ఎర్ర ప్లనేరియా: ట్యాంకులో మందు వేయాలా, వద్దా?

నీటిరేఖ
నా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) 250 లీటర్లది, పెట్టి పద్నాలుగు నెలలైంది. రెండు నెలల కిందట ఒక పగడం ముక్కను డిప్ చేయకుండానే, అంటే పురుగులు రాలే ద్రావణంలో ముంచకుండానే, లోపల పెట్టాను. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. నెల తిరిగేసరికి ఇసుక మీద తుప్పు రంగు చుక్కలు కనిపించాయి. నాచు అనుకుని బ్రష్‌తో గీకాను. ఆ మరకలు నింపాదిగా పాకుతూ పక్కకు జరిగాయి!

ఇప్పుడు వెలుగు బాగా పడేచోట ఇసుక కనిపించడం లేదు. మష్రూమ్ పగడాల మీద దుప్పటి కప్పినట్టు పేరుకున్నాయి. ఒక్కోటి నాలుగైదు మిల్లీమీటర్లు, తోక చివర మూడు పాయలు. తెలిసినవాళ్లను ఇద్దరిని అడిగితే ఎర్ర ప్లనేరియా అనే చదును పురుగులన్నారు. లెవమిసోల్ అనే పురుగుల మందు వేసి ఒక్క మధ్యాహ్నంలో ముగించమని ఒకరు అన్నారు. మందు వేస్తే పురుగులతోపాటు చేపలూ పోతాయి, పురుగులను తినే రాస్ చేపను వదలమని మరొకరు అన్నారు. ఇద్దరూ చేయి తిరిగినవాళ్లే. నా దగ్గర రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, ఒక టాంగ్ ఉన్నాయి. ఏం చేయమంటారు?

ముక్కుసూటి
మందే. ఇందులో చర్చించడానికేమీ లేదు. ఇవి జతకూడి గుడ్లు పెట్టేదాకా ఆగే రకం కాదు. ఒంటి మీదే పిల్లను మొలిపించుకుని విడదీసేస్తాయి. చేప పది తినేలోపు ఇరవై తయారవుతాయి. నేను రెండు ట్యాంకుల్లో వేశాను. అరగంటలో ఇసుక మీద నుంచి లేచి, నీటిలో గింగిరాలు తిరిగి రాలిపోయాయి. పగడం ఒక్కటి కూడా ముడుచుకోలేదు.

ఉప్పుగాలి
"చర్చించడానికేమీ లేదు" అన్న మాట నమ్మే నేనూ ఒకసారి వేశాను. ఈ పురుగులు చచ్చేటప్పుడు ఒంట్లోని విషాన్ని నీటిలోకి వదులుతాయి. గంట గడవకముందే నీరు పలచటి తుప్పు రంగుకు తిరిగింది. యాంథియాస్ చేప పైకి వచ్చి నోరు తెరుచుకుని ఎగశ్వాస పీల్చసాగింది. విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ నా దగ్గర ఉంది, కానీ డబ్బాలో ఉంది. దాన్ని కడిగి, సంచిలో నింపి, సంపులో (ట్యాంకు నీరు తిరిగే వడపోత తొట్టిలో) నీరు జోరుగా పారేచోట పెట్టేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మూడు చేపలు పోయాయి. చంపింది మందు కాదు, పురుగుల విషం. అయితే చేపకు ఆ తేడా ఏమిటి?

ముక్కుసూటి
అది మందు తప్పెలా అవుతుంది? ముందే సైఫన్ చేసి, గొట్టంతో లాగేసి సంఖ్య తగ్గించుకోవాలి కదా.

ఉప్పుగాలి
చేశాను, ఒకసారి. కంటికి కనిపించేవి పోతే పని అయిపోయిందనుకున్నాను. రాళ్ల కింద, పగడాల నీడలో అంతకు ఎన్ని రెట్లు ఉన్నాయో అవి చచ్చి పైకి తేలాక తెలిసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

సూక్ష్మదర్శిని
తగవుకు ముందు ఒక మాట. అందరూ "ఫ్లాట్‌వార్మ్" (చదును పురుగు) అని ఒకే గాటన కట్టేస్తున్నారు. నీటిరేఖ గారి వర్ణనను బట్టి ఆవిడ ట్యాంకులో ఉన్నది కాన్వోల్యూట్రిలోబా. ఇది ఏసీల్ అనే పురుగుల వర్గానికి చెందినది. పైకి చదునుగా ఉన్నా అసలైన ఫ్లాట్‌వార్మ్‌ల వంశం కాదని 1999లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన చూపించింది. ఒంట్లో నాచు కణాలను పెంచుకుంటుంది కాబట్టే ఆ రంగు, కాబట్టే వెలుగు కోసం ఆ పాకులాట. ఇది పగడాన్ని కొరకదు. దాని మీద ఎక్కి కూర్చుని వెలుగు అందకుండా చేస్తుంది, చేపలకు మేతయ్యే కోపెపాడ్ అనే చిట్టి జీవులను తినేస్తుంది.

కొమ్మల్లా పెరిగే అక్రోపోరా పగడాలను తినే ఫ్లాట్‌వార్మ్ వేరు. అది అసలైన ఫ్లాట్‌వార్మే. పగడం రంగులోనే ఉంటుంది కనుక కంటికి దొరకదు. ముందుగా కనిపించేది అది తిన్న గుర్తు, గుండ్రటి పాలిపోయిన మచ్చలు. పగడం మొదలు దగ్గర చర్మం పోయి బయటపడిన ఎముక భాగం మీద గోధుమ రంగు గుడ్లు గుంపుగా పెడుతుంది. డిప్ ద్రావణం పురుగును రాలుస్తుంది కానీ గుడ్డును చంపలేదు. అందుకే ముక్కలను బయటికి తీసి, గుడ్లు గీకేసి, వారం వారం ఆరు వారాలైనా ముంచాలి. ఆ పురుగు అయితే నేనూ "ట్యాంకులో మందు వద్దు" అనేవాడిని. ఇక్కడ సంగతి అది కాదు.

నీటిరేఖ
నా దగ్గర అక్రోపోరాలు లేవు. మచ్చలూ లేవు. తోక పాయలు మాత్రం మూడే, భూతద్దంతో చూసి మరీ చెబుతున్నాను.

పసుపుచేప
మరి రాస్ గురించి ఎవరూ మాట్లాడరేమి? నా పసుపు రంగు హాలికోయెరిస్ రాస్ వచ్చిన మూడో రోజే వీటిని ఏరుకు తినడం మొదలుపెట్టింది. రాయి పక్కన ఆగి, ఒక కన్ను తిప్పి చూసి, టక్కున పొడుస్తుంది. రెండు నెలల్లో ఒక్కటీ కనిపించలేదు. విషం లేదు, కార్బన్ లేదు, నీటి మార్పు లేదు. ఒక్క జాగ్రత్త: రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, పగలు బెదిరితే బయటికి దూకుతుంది. ఇసుక ఉండాలి, మూత ఉండాలి.

ముక్కుసూటి
మీ చేప తిన్నది. నా సిక్స్‌లైన్ రాస్ వీటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పైగా ఏడాది తిరిగేసరికి ట్యాంకంతా తనదే అన్నట్టు గోబీని మూలకు తరిమింది. పట్టుకుని బయటికి తీయడానికి రాళ్లన్నీ విప్పాల్సి వచ్చింది. పురుగుల కోసం చేపను కొనడమంటే ఆ చేపతో పదేళ్ల కాపురానికి ఒప్పుకోవడమే.

పసుపుచేప
సిక్స్‌లైన్ గయ్యాళి అని ఎవరినడిగినా చెబుతారు. దాని పాపం నా చేప మీద వేయకండి. నీలి గీతల వెల్వెట్ సముద్రపు స్లగ్ కూడా ఉందిగా, కెలిడోన్యూరా వేరియన్స్. అది వీటిని తప్ప మరొకటి ముట్టదు.

ఉప్పుగాలి
అదే దాని దురదృష్టం. పురుగులు అయిపోయిన రోజు నుంచి దానికి పస్తులే. అంతదాకా బతికితేనే, సగం సార్లు పంపు నోట్లో పడుతుంది. ఆకలితో చస్తుందని తెలిసి ఒక ప్రాణిని పనికి కుదుర్చుకోవడం నాకు నచ్చదు.

నిదానం
మందు, చేప, స్లగ్ మూడూ పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. ఇంత పంట పండటానికి ఎరువు ఎక్కడిది? నీటిరేఖ గారూ, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంత? ఇసుక మీద నీటి ప్రవాహం ఎలా ఉంది? మేత తగ్గించి, పంపు కోణం మార్చితే ఇవి వాటంతట అవే కుప్పకూలడం నేను చూశాను.

సూక్ష్మదర్శిని
కుప్పకూలడం నిజమే, కానీ అదీ ఒక్కసారిగా చావడమే కదా నిదానం గారూ. మనం మందు వేసి చంపినా, వాటంతట అవి చచ్చినా వదిలే విషం ఒకటే. కాకపోతే మందు వేసే రోజున మనం పక్కనే ఉంటాం. ఇంత దట్టంగా పెరిగాక "చూద్దాంలే" అని ఊరుకోవడమే నాకు ఎక్కువ భయం.

నిదానం
ఆ కోణంలో ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. మేత సంగతి మాత్రం వదలను.

నీటిరేఖ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. నైట్రేట్ 40 ఉంది నిదానం గారూ, సిగ్గుగానే చెబుతున్నాను. మేత సగం చేశాను.

తొమ్మిది రోజులు రోజూ సైఫన్ చేశాను. లైట్లు వెలిగిన రెండు గంటలకు అన్నీ వెలుగులోకి వచ్చి గుమిగూడతాయి, అప్పుడు సన్నని గాలి గొట్టంతో పీల్చాను. ఆ నీటిని వడపోసి మళ్లీ పోద్దామనుకున్నాను గానీ, చితికిన పురుగుల నీరు తిరిగి పోయడానికి మనసొప్పక పారబోశాను. మొదటి రోజు బకెట్ అడుగు కనిపించలేదు. తొమ్మిదో రోజు లెక్కపెడితే ముప్పై ఒకటి.

మందుకు ముందు గ్లాసులో పది పురుగులు వేసి పరీక్షించాను. కాసేపటికి మెలితిరిగాయి. చచ్చినచోట నారింజ రంగు పొగలా ఏదో నీటిలోకి పాకింది. పదింటికే అంత రంగా అని అప్పుడు నిజంగా భయపడ్డాను. ఉప్పుగాలి గారి మాట గుర్తుపెట్టుకుని కార్బన్ ముందే కడిగి సంచిలో కట్టి ఉంచాను, 60 లీటర్ల ఉప్పునీరు కలిపి వెచ్చబెట్టాను. రాళ్లు, ఇసుక తీసేసి, సంపును కలిపితే అసలు నీరు 210 లీటర్లని లెక్క తేలింది. ఆ లెక్కకే మందు వేసి, చచ్చినవాటిని చచ్చినట్టే గొట్టంతో లాగాను. నలభై నిమిషాలకు టాంగ్ ఊపిరి వేగం పెరిగినట్టు అనిపించింది. మరి ఆగలేదు. కార్బన్ పెట్టి, నీరు మార్చేశాను. చేపలన్నీ బాగున్నాయి. వారం తర్వాత రెండోసారి వేశాను, అప్పుడు రాలినవి నాలుగే.

ముక్కుసూటి
చెప్పానా!

ఉప్పుగాలి
మీరు చెప్పింది "ఒక్క మధ్యాహ్నం" దారి. ఆవిడ చేసింది తొమ్మిది రోజుల చాకిరీ. రెండూ ఒకటేనా?

పసుపుచేప
మిగిలిన ఒకటీ అరా ఏరడానికి ఇప్పుడైనా ఒక రాస్...

నీటిరేఖ
ఆలోచిస్తున్నాను, మూత తయారయ్యాక. నిన్న సాయంత్రం వెనక అద్దం మీద ఒకటి కనిపించింది. ఒకే ఒక్కటి.

ముక్కుసూటి
మూడో డోసు వేయండి.

ఉప్పుగాలి
ఒక్క పురుగుకా? గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి? గొట్టంతో లాగేయండి.

నీటిరేఖ
లాగబోయాను. నేను గొట్టం తెచ్చేలోపు పంపు వెనక్కి జారుకుంది.