800 మంది ఉన్న ఊరికి మారుతున్నాం, కాన్సాస్ పడమటి వైపు. ఇలాంటి ఊళ్లలో ఉన్నవాళ్లు చెప్పండి

బొబ్బిలి_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా ఆయన రెసిడెన్సీ (డాక్టరు శిక్షణ) జూన్‌లో అయిపోతోంది. జే-1 వేవర్ మీద (శిక్షణ అయ్యాక స్వదేశం వెళ్లక్కర్లేకుండా, డాక్టర్లు చాలని చోట పనిచేస్తే దొరికే వీసా మినహాయింపు) కాన్సాస్ వాయవ్య మూలలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. మూడేళ్లు కదలడానికి లేదు. ఊరి బోర్డు మీద జనాభా 800 అని రాసుంది. ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాను. ఒక నీళ్ల ట్యాంకు, ఆకాశమంత ఎత్తు సిమెంటు గాదెలు, ఒక డాలర్ జనరల్ కొట్టు, రెండు చర్చిలు, ఒక బంకు. మెయిన్ రోడ్డు ఈ చివర నిలబడితే ఆ చివర గోధుమ చేను కనిపిస్తోంది. ఇన్నాళ్లూ న్యూజెర్సీలో ఎడిసన్ పక్కన ఉన్నాం, మెట్లు దిగితే దోసె. పాపకి ఆరేళ్లు, నేనిక హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఉండే భార్య వీసా)కి మారతాను. పగలంతా ఏం చెయ్యాలి, పాప బడి ఎలా ఉంటుంది, మనల్ని ఎలా చూస్తారు? భయపెట్టినా పర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కరివేపాకు_కుండీ
చెల్లీ, నెబ్రాస్కాలో మాకిది ఆరో ఏడు. మావారిదీ వేవరే. మూడేళ్లు అయిపోయినా ఉండిపోయాం.

మొదటి వారం సంగతి చెప్తా. సరిగ్గా పన్నెండింటికి సైరన్ మోగింది. టోర్నడో అనుకుని బాబుని చంకనేసుకుని బేస్‌మెంట్‌లోకి పరిగెత్తా. ఫోన్ పైనే మర్చిపోయా. వాడికి రెండు అరటిపళ్లు తినిపిస్తూ ముప్పావు గంట బాయిలర్ పక్కన కూర్చున్నాం. ఇక ఉండబట్టలేక పైకొచ్చి చూస్తే ఫెళ్లున ఎండ, ఎదురింటి పెద్దావిడ లాన్ కోసుకుంటోంది. అది మధ్యాహ్నం భోజనాల సైరనట! ఇటు కొన్ని ఊళ్లలో రోజూ మోగిస్తారు. మర్నాడు పోస్టాఫీసుకి వెళ్తే కౌంటర్లో ఆవిడ నవ్వాపుకుంటూ "బేస్‌మెంట్ బాగుందా?" అంది. మా ఊళ్లో ఉత్తరాలు ఇంటికి తెచ్చివ్వరు, పోస్టాఫీసులో మన డబ్బా తెరిచి తెచ్చుకోవాలి. అంచేత అదే రచ్చబండ.

సోఫా తర్వాత కొనుక్కో, ముందు డీప్ ఫ్రీజర్ కొను. మాకు ఇండియన్ కొట్టంటే ఒమాహా, నాలుగు గంటలు. రెండు నెలలకోసారి వెళ్లి సోనామసూరి, గోంగూర, మునక్కాడలు, పాలు తోడు పెట్టడానికి కాస్త దేశీ పెరుగుతో సహా తెచ్చుకుంటాం. గుడికి వెళ్లిరావడమూ ఆ రోజే.

డల్లాస్_చేరినవాణ్ణి
అక్క తియ్యగా చెప్పింది, నేను చేదు చెప్తాను. నేను వేవర్ డాక్టర్ని. మా ఆవిడ పద్నాలుగో నెలలో "ఇక నా వల్ల కాదు" అని పిల్లల్ని తీసుకుని డల్లాస్ వెళ్లిపోయింది. మిగతా కాలం నేనొక్కణ్ణీ గడిపి, మూడేళ్లు నిండిన వారంలోనే సామాను సర్దేశా.

మీవారు వెళ్లేది బహుశా క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్ అయ్యుంటుంది. అంటే 25 పడకలు మించవు, రోగులు సగటున 96 గంటలకి మించి ఉండకూడదు, కానీ ఎమర్జెన్సీ 24 గంటలూ తెరిచుండాలి. ఆ 24 గంటలూ ఎవరు? డాక్టర్లు ఇద్దరే ఉంటే రాత్రుల లెక్క మీరే వేసుకోండి. గుండెపోటు కేసు వస్తే హెలికాప్టర్ పిలవాలి. గాలి, మంచు ఉంటే అది ఎగరదు. అప్పుడు వాలంటీర్ల అంబులెన్సే దిక్కు. ఆ డ్రైవరు పగలు ట్రాక్టర్ల మెకానిక్కు. కాన్పులు చాలా ఆసుపత్రులు ఎప్పుడో మానేశాయి. మీకు రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోండి. మా చోట కాన్పుకి 90 మైళ్లు పోవాలి.

ఇంకోటి, డ్యూటీ దిగడమంటూ ఉండదు. పాల డబ్బా తీసుకుంటుంటే వెనకనుంచి ఒకాయన వచ్చి చొక్కా ఎత్తి దద్దుర్లు చూపించాడు. కాంట్రాక్టులో నెలకి ఎన్ని కాల్ రాత్రులో (ఆసుపత్రి పిలిస్తే పరిగెత్తాల్సిన రాత్రులు) అంకె వేయించండి. "అవసరాన్ని బట్టి" అని రాస్తే సంతకం పెట్టొద్దు. నేను పెట్టి అనుభవించాను.

బొబ్బిలి_అమ్మాయి
కాంట్రాక్టులో ఆ ముక్కే ఉంది అన్నా, "అవసరాన్ని బట్టి". రేపే అడిగిస్తాను. మరి నా సంగతి?

కరివేపాకు_కుండీ
హెచ్-4 వాళ్లకి పని చేసుకునే పర్మిట్ రావాలంటే మీవారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అవ్వాలి. అది మూడేళ్లూ ఆగక్కర్లేదు, లాయరుతో ఇప్పుడే మాట్లాడండి. ఈలోగా నేను లైబ్రరీలో కథలు చదివే గంటకి ఊరికే వెళ్లేదాన్ని. జీతం లేదు, కానీ ఊరు ఒంటబట్టింది అక్కడే.

బంకు_కాఫీ
డాక్టర్ గారి ఇంట్లోవాళ్లకి దక్కే మర్యాద అందరికీ దక్కుతుందనుకోవద్దు. మన డాక్టర్లు లేకపోతే ఆసుపత్రి మూతపడుతుందని వాళ్లకి తెలుసు. నేను కాన్సాస్‌లోనే ఐ-70 హైవే పక్కన బంకు నడుపుతున్నా, తొమ్మిదేళ్లయింది. పొద్దున్నే ఐదున్నరకి ఆరేడుగురు రైతులు వచ్చి మూల బల్ల దగ్గర కాఫీకి కూర్చుంటారు. డబ్బులు ఎవరివ్వాలో పాచికలు వేసి తేల్చుకుంటారు. మొదటి ఏడాది నేను బల్ల తుడవడానికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒకాయనైతే చిల్లర చేతికిచ్చేవాడు కాదు, కౌంటర్ మీద పడేసేవాడు.

ఒక మే నెలలో నిమ్మకాయలంత వడగళ్లు పడి నా కొట్టు అద్దాలన్నీ పోయాయి. గంట తిరక్కుండా అదే మనిషి పికప్‌లో ప్లైవుడ్ వేసుకొచ్చి, నన్నడక్కుండానే మేకులు కొట్టడం మొదలెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అయితే చిల్లర ఇప్పటికీ కౌంటర్ మీదే పడేస్తాడు. అలవాటేనేమో, నాకూ అడగబుద్ధి కాలేదు.

డ్రైవింగ్ గురించి. ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి చూపుడు వేలు ఒకటి లేపుతాడు. నువ్వూ లేపాలి. లేపకపోతే "డాక్టర్ గారికి ఒంట్లో బాలేదా" అని కబురొస్తుంది. చలికాలం పెట్రోలు సగం కిందకి దిగనివ్వొద్దు, కార్లో దుప్పటి, పార ఉండాలి. తుపానులో ఇరుక్కుంటే కారు వదిలి నడవొద్దు. మంచు ఎక్కువైతే ఐ-70కి గేట్లు దించేస్తారు, నా బంకులో లారీలు వరసకట్టి నిద్రపోతాయి. జింక అడ్డొస్తే బ్రేకు తొక్కు, స్టీరింగ్ తిప్పకు. నవంబర్లో సందెవేళ మరీ జాగ్రత్త.

సాయంత్రం వాకింగ్ అలవాటుందా? ఊరి బయట గ్రావెల్ రోడ్డు మీద నేను నడుస్తుంటే మూడు బండ్లు ఆగాయి, "కారు పాడైందా?" అని. ఊరికే నడుస్తున్నానంటే ఎవరూ నమ్మలేదు.

లెక్కల_టీచర్
నేను మీకు పక్కనే, తూర్పు కొలరాడోలో పాఠాలు చెప్తాను. బడి గురించి బెంగ వద్దండి. కేజీ నుంచి పన్నెండు దాకా ఒకే భవనం, మా మూడో తరగతిలో తొమ్మిది మంది. పాపకి నలతగా ఉంటే మీకంటే ముందు టీచరుకే తెలుస్తుంది. కొలరాడోలో సగానికి పైగా బడి జిల్లాలకి వారానికి నాలుగు రోజులే బడి, మీ చోట ఎలాగో కనుక్కోండి. నిజాయితీగా ఒక లోటు చెప్పాలంటే పెద్ద తరగతులకి వచ్చేసరికి పై లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాళ్లు దొరకరు, స్క్రీన్ మీద పాఠాలే. ఆరేళ్ల పాపకి ఆ చింత లేదు.

బడి భోజనంలో చిల్లీ (కారంగా వండే చిక్కటి పులుసు), పక్కన సినమన్ రోల్ (దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె) పెట్టే రోజొకటి ఉంటుంది. ఆ ప్రాంతంలో అదో పండగ. పప్పులో బొబ్బట్టు నంజుకున్నట్టే, కానీ పిల్లలకి ప్రాణం. చిల్లీలో బీఫ్ ఉంటుంది, తినకపోతే ముందే చెప్పండి, వంటావిడ రెండు రోల్స్ వేస్తుంది. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్‌కి తప్పక వెళ్లండి. పిల్లలు చాలక జట్టుకి పదకొండు మంది బదులు ఎనిమిది మందితో ఆడతారు. ఆట అర్థం కాకపోయినా పర్లేదు, ఊరంతా అక్కడే ఉంటుంది. "ఏ చర్చికి వెళ్తారు?" అని అడిగితే నొచ్చుకోకండి. మన పల్లెల్లో "ఎవరి తాలూకు?" అన్నట్టే అది. మేం హిందువులం అంటే సరే అని, ఆదివారం విందుకి మాత్రం రమ్మంటారు.

ఆర్మూర్_రైతు
బిడ్డా, నేను కంప్యూటర్ మనిషిని కాదు, మా మనవడు టైపు చేస్తున్నడు. పోయినేడు మా చిన్నకొడుకు దగ్గర, గా కాన్సాస్ల్నే, ఆర్నెల్లు ఉండి వచ్చిన. మొదటి పది దినాలు పిచ్చి లేసింది. మనిషి కనవడడు, కుక్క అరవదు. ఒకనాడు చేను గట్టుకు పోతే చెప్పుల ఏదో కుచ్చింది. తీసి చూస్తే పల్లేరుకాయ! గంత దూరం పోయి పల్లేరుకాయ గుచ్చుకునుడు చూస్తే నాకు పానం లేసొచ్చినట్టైంది. ఆళ్లు దాన్ని మేక తలకాయ అంటరట.

ఇంకింత ముందుకు పోతే జొన్న చేను. ఎర్రజొన్న, మోకాలు మీదికి ఉన్నది గంతే, మన లెక్క ఎత్తు పెరగదు. మైలో అంటరు. అమెరికాల జొన్న అందరికంటె ఎక్కువ పండేది కాన్సాస్ల్నే అని చెప్పిండు ఆ చేను పటేలు. మా దిక్కు ఎర్రజొన్న మీదనే బతికినోన్ని, నాకు కాళ్లు ఆగలె. అక్టోబర్ల కోతలకు నన్ను కంబైన్ల కూసోవెట్టుకున్నడు. స్టీరింగ్ అదే తిరుగుతది, ఆయన చేతులు కట్టుకోని బిస్కెట్లు తింటడు. డెబ్బై ఏండ్ల మనిషి, నాకంటె రెండేండ్లు పెద్ద. కొడుకులిద్దరు డెన్వర్ల ఉద్యోగాలు, తిరిగి రారట. మా ఇంట్ల ముచ్చట కూడ గదే అని సైగ జేసి చెప్పిన.

గింజలు గాదె కాడికి తోలితే లారీ కాంట మీద నిలవెట్టి, పైకెల్లి ఒక గొట్టం దించి గింజలు గుంజి తేమ చూసిన్రు. తేమ ఎక్కువుంటే పైసలు కోస్తరు. మా కొనుగోలు కేంద్రంల వడ్లకు 17 శాతం అని సతాయించినట్టే! ఆడ కూడ రైతు టోపీ తీసి తల గోక్కుంటనే నిలవడ్డడు. ఆళ్లు జొన్న తినరు, పశువులకు, ఇథనాల్‌కు పోతది. నేను ఒక బకెట్ అడుక్కొచ్చి, మా కోడలు మిక్సీల పట్టి రొట్టె చేసింది. ఆ పటేలుకు పంపితే "యాభై ఏండ్ల సంది పండిస్తున్న, నోట్ల వెట్టుకునుడు ఇదే మొదలు" అన్నడట.

బొబ్బిలి_అమ్మాయి
తాతగారూ, మీది మూడుసార్లు చదివాను, మా ఆయనకీ చదివి వినిపించాను. పాప "నన్నూ కంబైన్ ఎక్కిస్తారా" అని ఇప్పట్నుంచే గొడవ.

ఆర్మూర్_రైతు
అడుగు బిడ్డా, ఎక్కిస్తరు. మీరు పొయ్యే జూన్ నెలాఖర్ల గోధుమ కోతలుంటయి. మస్తు దుమ్ము, పోరికి మూతికి గుడ్డ కట్టు.

డల్లాస్_చేరినవాణ్ణి
నేను ఆ ఊరి గురించి అన్నదేదీ వెనక్కి తీసుకోను. కానీ ఒకటి చెప్పాలి. మొన్న ఆ చొక్కా ఎత్తినాయన దగ్గర్నుంచి క్రిస్మస్ కార్డు వచ్చింది. దద్దుర్లు తగ్గాయట. డల్లాస్‌లో పక్కింటాయన పేరు ఇంతవరకూ నాకు తెలీదు. అయినా తిరిగి వెళ్లను. కాల్ రాత్రుల అంకె మర్చిపోకండి.

కరివేపాకు_కుండీ
చెల్లీ, మీ ఊరు మాకు మూడు గంటలే. మా కరివేపాకు చెట్టు కింద మూడు పిలకలు లేచాయి, ఒకటి నీకు పెడతా. అక్టోబర్‌కి లోపలికి తెచ్చెయ్యాలి, ఒక్క మంచు రాత్రి చాలు చచ్చిపోవడానికి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లని సైరన్ ఎన్నింటికి మోగిస్తారో ముందే అడుగు.