సైకాలజీ నాలుగుసార్లు చదివినా 70కి 41 దాటలేదు. ప్లస్ టూలో చదివినవాళ్ళు చెప్పండి

లంక పిల్ల, అమలాపురం వైపు

అందరికీ నమస్కారం అండి. నేను సీబీఎస్ఈ పన్నెండో తరగతి. మాది అమలాపురం దగ్గర, గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. మా వైపు ఎంపీసీ, బైపీసీ కాకుండా ఇంకో చదువు ఉందంటేనే వింతగా చూస్తారు. సైకాలజీ తీసుకున్నానని చెప్పిన రోజు నుంచి మా పెదనాన్న "అయితే పిచ్చాళ్ళ డాక్టరువి అవుతావన్నమాట" అంటూనే ఉన్నారు.

హాఫ్ ఇయర్లీలో 70కి 41 వచ్చాయి. ఎకనామిక్స్‌లో ఇంకా తక్కువే వచ్చాయి కానీ దానికి ఏడుపు రాలేదు. ఇది ఇష్టపడి తీసుకున్న సబ్జెక్టు. పుస్తకం నాలుగుసార్లు చదివాను. పసుపు, గులాబీ, పచ్చ హైలైటర్లు అయిపోయాయి, ఇప్పుడు గీత లేని లైను వెతుక్కోవాలి. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. పేపరు చేతికొచ్చాక తెలివితేటల గురించి థర్‌స్టన్ ఏమన్నాడో గార్డ్‌నర్ ఏమన్నాడో కలిసిపోతాయి. కన్‌ఫార్మిటీ, కంప్లయన్స్, ఒబీడియన్స్ మూడూ ఒకటే అనిపిస్తాయి. పైగా మా టీచరు పేపరు మీద "అన్నీ సొంత మాటలే" అని ఎర్ర పెన్నుతో రాశారు. బట్టీ కొట్టకుండా సొంత మాటల్లో రాయమనే కదండీ చిన్నప్పటి నుంచి చెప్పింది?

ఇంకో సంగతి, నవ్వకండి. డిజార్డర్స్ (మానసిక రుగ్మతలు) పాఠం చదివినప్పటి నుంచి అందులో ఉన్నవన్నీ నాకే ఉన్నాయేమో అని టెన్షన్. మా నాయనమ్మ పడుకునే ముందు గ్యాస్ బండ మూడుసార్లు చూసి వస్తుంది. ఆవిడకి ఓసీడీ (చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయకుండా ఉండలేని రుగ్మత) అని ప్రాక్టికల్ కోసం రాసే కేస్ ప్రొఫైల్లో రాసేశాను కూడా. ఇంకా స్కూల్లో ఇవ్వలేదు.

పాలకొల్లు కుర్రోడు

దీనికి ఇంత టెన్షన్ ఎందుకండి. సైకాలజీ అంటే కామన్ సెన్స్. పరీక్షకి రెండు రోజుల ముందు ఒకసారి తిరగేసి, ప్రతి జవాబులో ఫ్రాయిడ్ పేరు తగిలిస్తే చాలు. నేను అలాగే గట్టెక్కాను.

గట్టు మీద అక్క, భీమవరం

ఎన్ని వచ్చాయి తమ్ముడూ?

పాలకొల్లు కుర్రోడు

52 అండి.

గట్టు మీద అక్క, భీమవరం

డెబ్బైకా, వందకా?

పాలకొల్లు కుర్రోడు

వందకే అండి. ప్రాక్టికల్‌తో కలిపి. ఆయ్.

గట్టు మీద అక్క, భీమవరం

సరే, ఇక చెల్లికి చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

నాకు ప్రీబోర్డులో 70కి 38. మాది కొత్తపేట, చదివింది రాజమండ్రిలో, రోజూ బస్సు. బస్సులో పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని కాబట్టి బాగా చదువుతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు ఒక స్కూల్లో కౌన్సిలర్‌గా ఉన్నాను. మీ పెదనాన్నగారితో చెప్పు: ఆయన అంటున్న డాక్టరు సైకియాట్రిస్టు, దానికి ముందు ఎంబీబీఎస్ చేయాలి. సైకాలజీ చదివినవాళ్ళు వేరే. ఆ "పిచ్చాళ్ళు" అన్న మాట పెద్దాయన నోట ఎలాగూ మానదు, నీ జవాబులోకి మాత్రం రానివ్వకు.

38 వచ్చిన వారం మా మేడమ్ నన్ను పిలిచి, పన్నెండో తరగతి పుస్తకం మూసేయించి, పదకొండో తరగతి పుస్తకం తెమ్మన్నారు. మెమొరీ పాఠం చివరి పేజీలు తెరిచి చదవమన్నారు. జ్ఞాపకశక్తి పెంచుకోవడం ఎలా అని ఉంటుంది చూడు, అది. మేమెవరం చదవలేదు. "అందులోంచి ప్రశ్న రాదులే" అని వదిలేశాం. ఎలా చదవాలో చెప్పే పాఠం ఉన్న సబ్జెక్టు ఇదొక్కటే, ఆ పాఠాన్నే మనం వదిలేస్తాం.

నాలుగుసార్లు చదివితే తెలిసినట్టు ఎందుకుంటుందో కూడా ఆ పాఠంలోనే ఉంది. పేజీ కళ్ళ ముందు ఉండగా "ఆ, ఇది తెలుసు" అనుకోవడం రికగ్నిషన్. తెల్ల కాగితం మీదకి లోపలి నుంచి తేవడం రీకాల్. సంతలో ఎదురైన మనిషిని గుర్తుపడతాం, పేరు మాత్రం నోటికి రాదు, అలాగన్నమాట. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద దీన్నే పరీక్షించారు. కొందరితో పాఠం మళ్ళీ మళ్ళీ చదివించారు. కొందరితో ఒకసారి చదివించి, పుస్తకం లేకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. నీ బోర్డు పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా.

కాబట్టి హైలైటర్లు మీ తమ్ముడికి ఇచ్చెయ్. నేను చేసింది ఇది. సాయంత్రం ఒక టాపిక్ మాత్రమే చదివేదాన్ని. చదవబోయే ముందు హెడ్డింగుని ప్రశ్నగా మార్చి పక్కన పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. చదివాక పుస్తకం మూసి, పాత కరెంటు బిల్లుల వెనక గుర్తున్నది రాసేదాన్ని. మొదటి రోజు నాలుగు లైన్లు కూడా రాలేదు, సిగ్గేసింది. తప్పినవి మాత్రమే మళ్ళీ చూసి, మర్నాడు పొద్దున ఒకసారి, ఆదివారం ఒకసారి రాసేదాన్ని. మీ పుస్తకంలో పీక్యూఆర్ఎస్‌టీ (ప్రివ్యూ, క్వశ్చన్, రీడ్, సెల్ఫ్-రెసిటేషన్, టెస్ట్) అని థామస్, రాబిన్సన్ పేర్లతో ఉన్న పద్ధతి ఇంచుమించు ఇదే. ఇంకో మాట. సోషియాలజీ చదివి లేచి వెంటనే సైకాలజీ పట్టుకోకు. రెండిట్లో ఒకేలాంటి మాటలుంటాయి, ఒకదాన్ని ఇంకోటి చెరిపేస్తుంది. దాని పేరు ఇంటర్‌ఫియరెన్స్, అదీ ఆ పాఠంలోదే. మధ్యలో లెక్కలో, అమ్మకి కొబ్బరి తురిమి పెట్టడమో పెట్టుకో.

థర్‌స్టన్ సంగతి. ఆయన చెప్పినవి ఏడు ప్రైమరీ మెంటల్ ఎబిలిటీస్, అంటే తెలివితేటల్లోని మూల సామర్థ్యాలు. నాకూ ఐదు దాటి వచ్చేవి కావు. మెథడ్ ఆఫ్ లోసై అని ఉంది కదా, తెలిసిన చోట్లలో ఒక్కోటి పెట్టుకోవడం. నాకు తెలిసిన చోట్లంటే బస్సు దారే. కొత్తపేటలో కండక్టర్ గుక్క తిప్పుకోకుండా అరిచే ఊళ్ళ పేర్లు అర్థం చేసుకోవాలి: వెర్బల్ కాంప్రహెన్షన్. రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలల లెక్క: న్యూమరికల్. జొన్నాడ వంతెన మీద నుంచి చూస్తూ మన ఊరు ఏ పాయకి ఎటు వైపు ఉందో మనసులో తిప్పుకోవడం: స్పేషియల్. కడియపులంక నర్సరీల ముందు బస్సు దూసుకుపోతుంటే బంతి ఏదో చామంతి ఏదో పట్టేయడం: పర్సెప్చువల్ స్పీడ్. వేమగిరిలో ఇద్దరు అమ్మలక్కలు ఎక్కి దిగేదాకా మాటకి మాట అందించుకునేవారు: వర్డ్ ఫ్లుయెన్సీ. మోరంపూడిలో, కండక్టర్ టికెట్టు వెనక రాసిచ్చిన చిల్లర అడగడం గుర్తుండాలి: మెమొరీ. కాంప్లెక్స్‌లో దిగాక, వరసగా మూడు సోమవారాలు లేటు కాబట్టి ఈ బస్సు సోమవారం లేటే అని తేల్చుకోవడం: ఇండక్టివ్ రీజనింగ్. పదేళ్ళు దాటింది, చూడకుండా రాశాను ఇప్పుడు. నా దారి నీకు పనికిరాదు, నీ దారి నువ్వు పెట్టుకో.

ఇక ఆ మూడు కలిసిపోయే మాటలు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, నీకు గుర్తుండే ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్ళదీ లంకే. పక్కింటివాళ్ళు బియ్యం బస్తాలు అటక ఎక్కిస్తుంటే, ఎవరూ చెప్పకుండానే మావాళ్ళూ ఎక్కించారు. అది కన్‌ఫార్మిటీ. పడవ కుర్రాడు వచ్చి "మామ్మగారూ, ఈ పసిపిల్లని కాస్త ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా" అని అడిగితే సరే అంది. అది కంప్లయన్స్, ఒకరు అడిగారు, ఈవిడ ఒప్పుకుంది. రెవెన్యూ వాళ్ళు వచ్చి ఊరు ఖాళీ చెయ్యాల్సిందే అంటే గేదెల్ని వదిలి కదిలారు. అది ఒబీడియన్స్, అధికారం ఉన్న మనిషి ఆజ్ఞ. ఎవరూ అడగలేదా, మామూలు మనిషి అడిగాడా, అధికారి ఆజ్ఞాపించాడా అన్నదే తేడా.

సొంత మాటల గొడవ కూడా ఇక్కడే ఉంది. నేను 38 తెచ్చుకున్న పేపర్లో ఇలాంటి కథలే రాశాను. కథ బాగుంది, మార్కు లేదు. కన్‌ఫార్మిటీ గురించి రాస్తే గ్రూప్ నార్మ్ (గుంపు పాటించే పద్ధతి) అనే మాట ఉండాలి, గీతల పొడవు పోల్చమని, గుంపు తప్పు చెప్తే మనిషీ అదే అంటాడా అని చూసిన ఆష్ ప్రయోగం ఉండాలి. ఒబీడియన్స్ అంటే, ఆజ్ఞాపిస్తే ఎదుటి మనిషికి కరెంటు షాక్ ఇస్తారా అని చూసిన మిల్‌గ్రమ్ ప్రయోగం. అక్కడ 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు (షాక్ నిజం కాదు, వాళ్ళకి ఆ సంగతి తెలియదు). తెలుగులో అమ్మకి చెప్పు, ఆవిడకి అర్థమైతే నీకు అర్థమైనట్టే. కాగితం మీద మాత్రం పుస్తకం పెట్టిన పేరుతో మొదలుపెట్టు. వంటింట్లో జరిగేవన్నీ సైకాలజీలాగే కనిపిస్తాయి కాబట్టి ఈ సబ్జెక్టులో తెలుసనుకుని మోసపోవడం ఎక్కువ. పాలకొల్లు తమ్ముడు ఏమీ అనుకోకూడదు.

చివరికి నాయనమ్మ. ఆ పేజీ చింపెయ్ తల్లీ. బండ మూడుసార్లు చూసినంత మాత్రాన ఓసీడీ అయిపోదు. మీ పుస్తకంలో నాలుగు 'డీ'లు ఉన్నాయి: డీవియన్స్ (మామూలుకి భిన్నంగా ఉండటం), డిస్ట్రెస్ (బాధ), డిస్‌ఫంక్షన్ (పనులు ఆగిపోవడం), డేంజర్ (ప్రమాదం). ఆవిడ చూసొచ్చి హాయిగా పడుకుంటోందా? పనులు ఆగుతున్నాయా? నిజంగా ఉన్నా, ఆ పేరు పెట్టాల్సింది శిక్షణ పొందినవాళ్ళు, మనం కాదు. కేస్ ప్రొఫైల్ అంటే ఒక మనిషి జీవితాన్ని అడిగి తెలుసుకోవడం. ముందు ఆవిడ అనుమతి తీసుకో, పేరు రాయకు. ఎందుకు చూస్తావని అసలు అడిగావా?

నీ టెన్షన్‌కీ పేరుంది, మెడికల్ స్టూడెంట్స్ డిసీజ్ అంటారు. మెడిసిన్ చదివే పిల్లలకి ఏ జబ్బు గురించి చదివితే అది తమకే ఉన్నట్టు అనిపించడం పాత సంగతే. పాఠం మారితే చాలామందికి అదీ పోతుంది. పోకుండా నిద్ర పట్టకపోతే మాత్రం లోపల దాచుకోకు, అమ్మకో మీ టీచరుకో చెప్పు. ప్రభుత్వానిది టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

రిటైర్డ్ మాస్టారు, కాకినాడ

అమ్మాయి చెప్పిందంతా బాగుంది, ఒక్కచోట నేను ఒప్పుకోను. వరద ఉదాహరణ ఒక పాఠానికే పరిమితం చేసుకోండి. నా దగ్గర ఒక కుర్రాడు స్ట్రెస్‌కి వరద, ప్రిజుడిస్‌కి వరద, గ్రూపులకి వరద పెట్టుకున్నాడు. పరీక్ష హాల్లో అన్నీ కలిసి కొట్టుకొచ్చాయి.

పేపర్లు చాలా దిద్దినవాడిగా రెండు మాటలు. ప్రశ్నపత్రం పైన ఎన్ని మాటల్లో రాయాలో ఇస్తారు, పిల్లలు చూడరు. రెండు మార్కుల దానికి 30 మాటలు, ఆరు మార్కుల దానికి 200. రెండు మార్కుల దానికి పేజీ నింపి, ఆరు మార్కుల దానికి టైము లేదంటారు. ఇంకోటి, ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందో సెల్యే చెప్పిన జనరల్ అడాప్టేషన్ సిండ్రోమ్ అడిగితే అలార్మ్, రెసిస్టెన్స్, ఎగ్జాషన్ అని మూడు పేర్లు రాసి పెన్ను మూసేస్తారు. అవి పేర్లు మాత్రమే. అలార్మ్‌లో హార్మోన్లు విడుదలై శరీరం పోరాటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. ఒత్తిడి తగ్గకపోతే రెండో దశలో ఉన్న శక్తిని పొదుపుగా వాడుకుంటుంది. మూడో దశలో ఆ శక్తీ అయిపోయి బీపీ లాంటి జబ్బులకి దారి పడుతుంది. మనిషి పరిస్థితిని ఎలా అర్థం చేసుకుంటాడన్న మానసిక కోణానికి సెల్యే పెద్దగా చోటివ్వలేదన్న విమర్శ కూడా ఒక లైను రాస్తే దిద్దేవాడికి నచ్చుతుంది.

ప్రాక్టికల్ 30 మార్కుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. టెస్టు మీరే పెట్టి, స్కోరు మీరే వెయ్యండి. పక్కవాడి ఫైలు దించితే వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

లంక పిల్ల, అమలాపురం వైపు

అక్కా, మాస్టారూ, చాలా థాంక్స్ అండి. పది రోజులైంది, చెప్పడం ఆలస్యమైంది, మా వైపు సిగ్నల్ ఉండదు.

కరెంటు బిల్లుల వెనక రాస్తున్నాను. మొదటి రోజు సెల్ఫ్ పాఠంలో మూడు లైన్లే వచ్చాయి, నాకూ సిగ్గేసింది. నిన్న పేజీన్నర వచ్చింది. కన్‌ఫార్మిటీ, కంప్లయన్స్ మా అమ్మకి చెప్తే, మొన్న పెళ్ళికి పక్కింటావిడ పట్టుచీర కట్టిందని తనూ కట్టడం ఏది అని అడిగింది. కరెక్టుగా చెప్పగలిగాను.

నాయనమ్మని అడిగాను అక్కా. మా నాన్న చిన్నప్పుడు పొయ్యి ఆర్పడం మర్చిపోయి పడుకుంటే తాటాకిల్లు కాలిపోయిందట. అప్పటి నుంచి చూస్తుందట. పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ సంగతి నాకు తెలియదు. ఆ పాత పేజీ చింపేశాను. పేరు రాయనంటే "రాస్తే ఏమైందే" అని కోప్పడింది కానీ, రాయట్లేదు.

థర్‌స్టన్‌కి మా ఇంటి నుంచి రేవు, పంటు, అవతలి గట్టు మీదుగా స్కూలు దాకా దారి పెట్టుకున్నాను. లెక్కపెడితే ఆరు చోట్లే ఉన్నాయి. ఏడోది, మెమొరీ, గ్యాస్ బండ దగ్గర పెట్టాను.