గ్రెటా గార్బో 36 ఏళ్లకే నటన ఎందుకు మానేశారు?

ప్రశ్న: 1941 తర్వాత హాలీవుడ్ నటి గార్బో కొత్త చిత్రంలో కనిపించలేదు. 1990లో న్యూయార్క్‌లో కన్నుమూసే వరకు తెరకు దూరంగా ఉండిపోవడానికి కారణమేమిటి?

మొదటి జవాబు: ఆమె చివరి చిత్రాన్ని విమర్శకులు తూర్పారబట్టారు, పైగా ఆమె చిత్రాలకు పెద్ద ఆదరువైన ఐరోపా మార్కెట్ రెండవ ప్రపంచ యుద్ధంతో మూతపడింది. అయితే ఆమె ఒక్కసారిగా విరమించుకున్నారనడం అన్యాయం. 1949లో ఒక చిత్రం కోసం కెమెరా పరీక్షలకు కూడా హాజరయ్యారు, కానీ నిధులు సమకూరక అది ఆగిపోయింది.

రెండవ జవాబు: స్టాక్‌హోమ్‌లో 14 ఏళ్లకే తండ్రిని పోగొట్టుకుని, క్షౌరశాలలో మగవాళ్ల గడ్డాలకు సబ్బు నురుగు పట్టిన పిల్ల ఆమె. 'క్వీన్ క్రిస్టినా' చిత్రం ముగింపులో ఓడపై నిలబడిన ఆమెను, మనసులో ఏమీ పెట్టుకోవద్దని దర్శకుడు మమూలియన్ కోరారు. ఆ నిశ్చలమైన ముఖంలో నేను ప్రతిసారీ వేరే దుఃఖాన్ని చూస్తాను.

ప్రశ్న అడిగినవారు: 1949 నాటి ప్రయత్నం గురించి నాకు తెలియదు, కృతజ్ఞతలు. ఆమె తిరిగి రావాలనుకున్నారని తెలిశాక మనసు బరువెక్కింది.